బడికి టీవీ కాదు, కుంచం కొనిద్దాం

ఊరి బడికి ఏదైనా చేద్దామని, ఊరికి దూరంగా ఉంటున్న మన తెలుగు సంఘం సమావేశంలో అనుకోగానే ముందు వచ్చే మాట పెద్ద టీవీ, ఆ తర్వాత ట్యాబులు. ఇన్నేళ్లూ నేనూ అలాగే చందా రాశాను. కిందటి డిసెంబరులో కోనసీమలోని మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒక పూట కూర్చున్నాక నా మనసు మారింది.

మూడో తరగతికి లెక్కల పాఠం. టీచరుగారు ఎవరింటి అటక మీదినుంచో గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అనే పాతకాలపు కొలపాత్రలు తెప్పించి, బేసిన్‌లో గోదావరి ఇసుక పోసి పెట్టారు. నాలుగు గిద్దలకు సోల నిండింది. రెండు సోలలకు తవ్వ, రెండు తవ్వలకు మానిక, నాలుగు మానికలకు కుంచం. ఒక పాప ఇసుక ముట్టకుండానే పలక మీద గుణించి, "కుంచానికి అరవై నాలుగు గిద్దలండీ" అంది. పక్కనున్న పిల్లవాడు నమ్మలేదు. గిద్దతో పోస్తూ, నేల మీద సుద్దతో గీతలు పెట్టుకుంటూ వెళ్లాడు. నలభై దాటాక లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి పదేసి గీతలకు ఒక సున్నా చుట్టాడు. అరవై దాటకుండానే కుంచం నిండిపోయింది!

టీచరుగారు జవాబు చెప్పలేదు. ఎదురుచూశారు. తరగతంతా వాదించుకుని, చివరికి వాడి గిద్ద మీద ప్రతిసారీ గోపురంలా నిలిచిన ఇసుకను కనిపెట్టింది. స్కేలుతో పైభాగం సమం చేసి పోస్తే సరిగ్గా అరవై నాలుగు. గుణకారం, పదుల కట్టలు, కొలతలో పొరపాటు ఎలా వస్తుందో, అన్నీ ఆ గంటలోనే వచ్చేశాయి. ఏ తెర మీద చూపిస్తే ఇది కుదురుతుంది?

మధ్యాహ్నం ఐదో తరగతివాళ్లు పెరట్లో మట్టితో ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. వాలుగా పారే నీటికి అటూ ఇటూ, కాస్త మెరక మీద, కాలువలు తీశారు. నీళ్లు వాటి ముఖం చూడకుండా కిందికి జారిపోయాయి. అడ్డంగా పెంకులు పాతి, సందుల్లో మట్టి పూయగానే నీటిమట్టం పైకి లేచి, కాలువల్లోకి తిరిగింది. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట చేసిన పని ఇదే: నీటి ఎత్తు పెంచి, పొలాలకు దానంతట అదే పారేలా చేయడం. కాలువ గట్టున పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి అంత తేటగా అర్థమైంది ఆరోజే.

బడి బయటి జీవితంతో చదువును ముడిపెట్టాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రంగానే చెప్పింది. చెప్పినంత తేలిక కాదని తెలుసు. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో సిలబస్ వెంటబడుతూనే ఉంటుంది. అలాగని తల్లిదండ్రులు రాత్రంతా కూర్చుని చేసి పంపే థర్మోకోల్ బొమ్మలను కృత్యాలనడం నాకు అసలు నచ్చదు. చేయి పెట్టాల్సింది పిల్లలు. అదే కుంచం దగ్గర ఒకటో తరగతి పిల్లలు గిద్దలు లెక్కపెట్టుకోవచ్చు, ఐదో తరగతివాళ్లు వాటిని మిల్లీలీటర్లలోకి మార్చవచ్చు. తరగతులు కలిసి ఉన్నచోటే ఇది ఎక్కువ పనికొస్తుంది.

అందుకే నా ప్రతిపాదన: మనం వస్తువులు ఎంచి పంపడం మానేద్దాం. ఏడాదికి ఇంతని టీచర్ల చేతికే ఇద్దాం. శిలాఫలకం, ఫోటో అడగవద్దు. ఇక్కడి మన వారాంతపు తెలుగు తరగతులకూ సూట్‌కేసులో ఒక గిద్ద, ఒక సోల తెచ్చుకుందాం. పావు, అర, ముప్పావు అనే మాటలు మన పిల్లలకు బియ్యం పోస్తూ వస్తే నిలుస్తాయి.

బయలుదేరే ముందు ఏం కావాలని అడిగితే టీచరుగారు చీటీ రాసిచ్చారు: ఇంకో రెండు జతల కొలపాత్రలు, నాలుగు ప్లాస్టిక్ తొట్లు, ఒక త్రాసు, పెరటి కుళాయికి పొడవాటి గొట్టం. వచ్చే సమావేశంలో ఆ చీటీ మీ ముందు పెడతాను.