అంచనా వేసే హక్కు

సుడోకు ఆడేవాళ్ళలో ఒక వర్గానికి ఎప్పటినుంచో అన్యాయం జరుగుతోంది. పెన్ను తీసి, మొదట కనబడ్డ ఖాళీ గడిలో ఓ అంకె పడేసి, కుదిరితే సరే లేకపోతే చూద్దాం అనుకునే ధైర్యవంతుల గురించే ఈ గోడు. తర్కంతో ఆడేవాళ్ళకు వీళ్ళంటే చులకన.

నియమం అందరికీ తెలిసిందే. 81 గళ్ళు. ప్రతి అడ్డువరుసలో, నిలువువరుసలో, 3×3 పెట్టెలో 1 నుంచి 9 దాకా ఒక్కో అంకె ఒక్కసారే రావాలి. 1979లో అమెరికాలో డెల్ వాళ్ళ పజిల్ పత్రికలో వచ్చిన ఈ ఆటకు 1984లో జపాన్‌లో నికోలి సంస్థ ఓ పొడుగాటి పేరు పెట్టింది. అంకెలు బ్రహ్మచారులుగానే ఉండాలని దానర్థం. మనవాళ్ళు పెద్దమనసు చేసుకుని ఒకే వరుసలో రెండు ఏడులకు పెళ్ళి చేస్తే ఎందుకంత గగ్గోలు?

తర్కవాదుల పద్ధతి ఎంత నీరసమో చూడండి. 5ని పట్టుకుంటారు. పై మూడు పెట్టెల్లో ఎడమదానికి 5 మొదటి వరుసలో ఉంది, మధ్యదానికి రెండో వరుసలో ఉంది. అంటే కుడి పెట్టెలో 5 మూడో వరుసలోనే పడాలి. అక్కడున్న మూడు గళ్ళలో ఒకదాన్ని ఇప్పటికే 8 ఆక్రమించింది. ఇంకోదాని నిలువువరుసలో కిందెక్కడో 5 కూర్చుని ఉంది. మిగిలింది ఒక్క గడి. అందులో 5 రాసి కొండను తవ్వినంత గర్వపడతారు! పైగా, ఇప్పటికే ఆరేడు చోట్ల ఉన్న అంకెతో మొదలుపెడితే దారి త్వరగా దొరుకుతుందని సలహా ఒకటి. మనవాడు ఎడమ పైమూల నుంచి మొదలెడతాడు. చదివేది అటునుంచే కదా.

ఇక పెన్సిలు రాతలు. పెట్టెలో ఒక అంకెకు రెండే చోట్లు మిగిలినప్పుడే దాన్ని గడి మూలన చిన్నగా రాసుకోవాలట. ప్రతి ఖాళీ గడిలో ఐదారేసి అంకెలు కుక్కి చీమల పుట్ట చేసుకునే స్వేచ్ఛ కూడా లేదన్నమాట. (ఆ పుట్టలో ఓ పాత 5ని చెరపడం మరిచిపోతే, ఆ తర్వాత అదే అబద్ధాలు చెబుతుంది. అది వేరే విషయం.) అన్నిటికన్నా దారుణం జంట ఎత్తు. ఒక వరుసలో రెండు గళ్ళలో 2, 6 తప్ప ఇంకేమీ పట్టవనుకోండి. ఏది ఎందులోనో తేలకపోయినా ఆ రెండూ అక్కడే ఖర్చయిపోతాయి. అందుకని వరుసలోని మిగతా గళ్ళన్నిటిలోంచి 2, 6 కొట్టేస్తారు. తమ సంగతి తేల్చుకోకుండానే పక్కవాళ్ళ నోటికాడ కూడు లాగేయడం కాదూ ఇది?

మనవాడు అదే చోట నిమిషం ఆలస్యం చేయకుండా 2 వేస్తాడు. సగానికి సగం అవకాశం. తప్పయినా గంట మోగదు. ఆ 2ని నమ్ముకుని పక్క పెట్టెలో 9 పడుతుంది, ఆ 9ని నమ్ముకుని కింద 4. చూస్తుండగా ఇరవై గళ్ళు నిండుతాయి, అన్నీ నియమం తప్పనట్టే కనబడతాయి. చివరి పెట్టెలో రెండు గళ్ళు మిగిలాక బయటపడుతుంది: రెండింటిలోనూ 3 తప్ప ఇంకేదీ పట్టదు. వెనక్కి పోదామంటే ఏ గడి తర్కంతో నిండిందో ఏది అంచనాతో నిండిందో సిరా చెప్పదు. ఇలాంటప్పుడు ఆడలేక మద్దెల ఓడనడం తప్పేమీ కాదు. అచ్చుతప్పు అని తీర్మానించి పేజీ తిప్పేయొచ్చు.

సరైన సుడోకుకు ఒకే జవాబు ఉంటుందని వాదిస్తారు. కనీసం 17 అంకెలు ఇవ్వాల్సిందేనని, 16 ఇస్తే ఒకే జవాబు రాదని 2012లో డబ్లిన్ గణితజ్ఞులు కంప్యూటర్‌ను నెలల తరబడి తిప్పి తేల్చారు కూడా. కానీ నియమం ప్రకారం నింపగల పట్టికలు ఎన్నో లెక్కేస్తే 22 అంకెల సంఖ్య వస్తుంది. అన్నన్ని పట్టికలుండగా ఏదో ఒకటి మనవాడి పెన్నుకు అందకపోదు. అచ్చులో ఇచ్చిన అంకెల్లో ఓ నాలుగైదు దిద్దుకోనిస్తే చాలు.