మూడు మైనస్‌ల సంగతి?
"మిత్రుడి మిత్రుడు మిత్రుడు, శత్రువుకి శత్రువూ మిత్రుడే" అన్న నియమాలను తర్కసూత్రాలుగా రాస్తే ఊరు రెండుగా చీలడాన్ని నిరూపించవచ్చని స్నేహాలు, శత్రుత్వాల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నిజమే. మనస్తత్వ శాస్త్రవేత్త హైడర్ 1946లో చెప్పిన ఆలోచనను కార్ట్‌రైట్, హరారీ 1956లో గణితంలోకి తెచ్చారు: ఇద్దరి మధ్య ఒక గీత, స్నేహమైతే దానికి ప్లస్, శత్రుత్వమైతే మైనస్. అందరికీ అందరితో సంబంధం ఉన్న గుంపులో ఏ ముగ్గురిని తీసుకున్నా ఆ నియమాల ప్రకారం లెక్క కుదిరితే, మిగిలేది ఒకటో రెండో పక్షాలే.

కానీ మాది కందుకూరు. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు టీ బంకు దగ్గర ఒకాయన ఒంగోలే దగ్గరన్నాడు, ఇంకొకాయన నెల్లూరే మేలన్నాడు, మా బాబాయేమో కందుకూరునే జిల్లా చెయ్యమన్నాడు. ముగ్గురిలో ఏ ఇద్దరికీ పడలేదు. మూడు మైనస్‌లు! హైడర్ లెక్కలో ఇది నిలవకూడదు, ఎవరో ఇద్దరు ఒకటవ్వాలి. అవలేదు (టీ డబ్బులు కూడా ఎవరివి వాళ్లే ఇచ్చుకున్నారు).

సామాజిక శాస్త్రవేత్త డేవిస్ 1967లో సడలించింది సరిగ్గా ఈ "శత్రువుకి శత్రువు మిత్రుడు" నియమాన్నే. అది తీసేస్తే పక్షాలు ఎన్నైనా ఉండొచ్చు. వ్యాసంలో ఆయన ఊసే లేదు.

ఇంకోటి, ఆ ఒంగోలు పెద్దాయనే తర్వాత మా ఇంట్లో పెళ్లికి వచ్చి దగ్గరుండి వడ్డన చేయించాడు. బాబాయికీ ఆయనకీ మధ్య గీతకి ప్లస్ పెట్టాలా, మైనస్ పెట్టాలా?