ఏప్రన్ కొనడం కూడా ఒక టెన్షనే

వంజరం వేపుడు చేస్తుంటే నూనె చిట్లి మూడు నైటీలు పాడయ్యాక, ఏప్రన్ కొందామని జగదాంబ జంక్షన్‌కి వెళ్లాను. కాటన్ అడిగితే పాలిస్టర్ అంటగట్టారు. "కాటనేనమ్మా" అని ఒట్టు కూడా! మన విశాఖ ఉక్కపోతలో అది కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే చెమట పీల్చదు, చెయ్యి తుడుచుకుంటే తడి పోదు. పైగా పాలిస్టర్‌కి మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎంత భయమో! జేబు ఒకటే, అదీ సరిగ్గా పొట్ట మీద. చిటపటలాడే ఆవాలన్నీ అందులోకే. మెడ తాడు బిగించుకునే వీల్లేదు, వంగితే కూరలో మునుగుతుంది. చివరికి అమ్మ పాత నేతచీర చింపి నడుముకి చుట్టుకున్నాను.

మా ఆయనేమో, "కొత్త ఏప్రన్ ఏదీ?" అంటారు. స్కూటర్ దుమ్ము దులుపుతున్నారుగా, చేతిలో ఏముందో చూసుకోండి!