తాళంచెవి మాస్కోలో, క్షిపణి ఉక్రెయిన్‌లో

రష్యా సేనలు 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లోకి చొరబడిన నాటి నుంచి ఒక మాట తరచూ వినిపిస్తోంది: 'అణుబాంబులు వదులుకోకపోయి ఉంటే ఉక్రెయిన్‌కు ఈ గతి పట్టేది కాదు'. అక్కడ వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థులు ప్రాణాలు అరచేత పట్టుకుని పోలండ్, రుమేనియా, హంగరీ సరిహద్దులు దాటి వచ్చిన రోజుల్లో మన దగ్గరా ఈ వాదన బలంగానే నడిచింది. కానీ 1991లో ఆ గడ్డ మీద ఉన్నవేమిటి, వాటిని ప్రయోగించే అధికారం ఎవరిది, వాటి మరమ్మతు ఎక్కడ జరిగేది అని ఒక్కొక్కటిగా అడుగుతూ పోతే ఈ వాదన నిలవదు. పైగా ప్రపంచానికి ఒక ప్రమాదకరమైన పాఠం నేర్పుతుంది.

సోవియట్ యూనియన్ కూలేనాటికి ఉక్రెయిన్‌లో 176 ఖండాంతర క్షిపణులున్నాయి. అందులో 130 ఎస్‌ఎస్‌-19లు, ఒక్కోదానికి ఆరు వార్‌హెడ్లు (క్షిపణి మోసుకెళ్లే అణుబాంబులు). మిగతా 46 ఎస్‌ఎస్‌-24లు, ఒక్కోదానికి పది. అంటే 1,240 వార్‌హెడ్లు. టీయూ-95, టీయూ-160 బాంబర్లు మోసుకెళ్లే క్రూయిజ్ క్షిపణులవి కూడా కలిపితే దాదాపు 1,900. అమెరికా, రష్యాల తర్వాత మూడో స్థానం ఉక్రెయిన్‌దే అని చెప్పేది ఈ లెక్కను బట్టే. యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలను 1992 మే నాటికే రైళ్లలో రష్యాకు తరలించేశారు.

ఇవన్నీ ఉక్రెయిన్ నేల మీద ఉన్న మాట నిజమే. కానీ ప్రయోగ సంకేతాలు మాస్కోలో ఉండేవి. క్షిపణి స్థావరాలపై పాలనాధికారం కీవ్ తీసుకుంది కాబట్టి ప్రయోగాన్ని అడ్డుకోగలదేమో గానీ, తనంతట తాను ప్రయోగించే శక్తి దానికి లేదు. ఆ తాళాన్ని కాలక్రమంలో ఛేదించగల నిపుణులు ఉక్రెయిన్‌కు లేకపోలేదు. ఎస్‌ఎస్‌-24లు తయారైంది ద్నీప్రోలోని యుజ్‌మాష్ సంస్థ ఆధ్వర్యంలోనే, క్షిపణుల నియంత్రణ వ్యవస్థలు తయారైంది ఖార్కివ్‌లో. చిక్కంతా వార్‌హెడ్ దగ్గరే. అందులో వాడే ట్రిటియం (ఒక రకం హైడ్రోజన్) 12.3 ఏళ్లలో సగానికి తగ్గిపోతుంది, ఎప్పటికప్పుడు కొత్తది నింపాలి. ఆ పని చేసే ప్రయోగశాలలు, కర్మాగారాలు రష్యాలో ఉన్నాయి. పరీక్షా స్థలాలు కజకిస్థాన్‌లోని సెమిపలాతిన్‌స్క్‌లో, రష్యాలోని నొవాయా జెమ్ల్యాలో. యురేనియం శుద్ధి చేసే కర్మాగారం గానీ, వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే కర్మాగారం గానీ ఉక్రెయిన్‌కు లేవు. 1993లో అక్కడ ధరల పెరుగుదల 10 వేల శాతం దాటింది. జీతాలే ఇవ్వలేని ప్రభుత్వం ఆ పరిశ్రమ మొత్తాన్ని మొదటి నుంచి కట్టుకుని, ప్రపంచమంతా విధించే ఆంక్షలను కూడా తట్టుకుని ఉండాలి. కొన్నేళ్లు పోతే సైలోల్లో (క్షిపణులు నిలిపి ఉంచే భూగర్భ గోతుల్లో) మిగిలేవి పనికిరాని, కానీ ప్రమాదకరమైన వార్‌హెడ్లే.

అణ్వాయుధాలు వద్దన్న నిర్ణయం పాశ్చాత్య దేశాల ఒత్తిడితోనే పుట్టిందనుకోవడం కూడా పొరపాటు. దాని మూలం చెర్నోబిల్‌లో ఉంది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున నాలుగో రియాక్టర్ పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాత్‌లోని దాదాపు 49 వేల మందిని తరలించడం మొదలుపెట్టడానికి 36 గంటలు పట్టింది. మే 1న కీవ్ వీధుల్లో పిల్లాపాపలతో కవాతు యథావిధిగా జరిపించారు. తమ నేల మీద ఏ రియాక్టర్ కట్టాలో, ఏ క్షిపణి పెట్టాలో, ప్రమాదం జరిగితే ప్రజలకు ఎప్పుడు చెప్పాలో అన్నీ మాస్కోయే నిర్ణయిస్తోందన్న ఆగ్రహం 1989లో ఏర్పడిన 'రూఖ్' అనే ఉక్రెయిన్ జాతీయ ఉద్యమానికి ఊపిరి పోసింది. 1990 జులై 16న ఉక్రెయిన్ పార్లమెంటు ఆమోదించిన సార్వభౌమాధికార ప్రకటనలో, అణ్వాయుధాలను స్వీకరించం, తయారు చేయం, సంపాదించుకోం అన్న మూడు మాటలూ స్పష్టంగా ఉన్నాయి. స్వాతంత్య్ర ప్రకటన వచ్చింది ఆ తర్వాత ఏడాదికి. క్షిపణులు ఉన్నన్నాళ్లూ వాటి వెంట మాస్కో ఆజ్ఞా వ్యవస్థ కూడా ఉంటుంది. వాటిని పంపించేయడం ఆ రోజుల్లో విముక్తిలో భాగమే. 1991 డిసెంబరు 1 ప్రజాభిప్రాయ సేకరణలో 90 శాతం మంది స్వాతంత్య్రానికి ఓటేశారు. ఈనాడు రష్యా తనదంటున్న దొనెత్స్క్, లుహాన్స్క్‌లలో 80 శాతానికి పైగా, క్రిమియాలో 54 శాతం అవుననే అన్నారు.

మరి తప్పు ఎక్కడ జరిగింది? 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో, ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకుంటున్నందుకు హామీగా రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, అమెరికా అధ్యక్షుడు క్లింటన్, బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్, ఉక్రెయిన్ అధ్యక్షుడు కుచ్మా సంతకాలు చేసిన పత్రంలో. అందులో ఆరు అంశాలు. సరిహద్దులను గౌరవిస్తాం, బలప్రయోగం చేయం, ఆర్థికంగా ఒత్తిడి పెట్టం, అణ్వాయుధాలు ప్రయోగించం, అణుదాడి ముప్పు వస్తే భద్రతా మండలికి వెళ్తాం, సందేహాలొస్తే సంప్రదించుకుంటాం. సైన్యం పంపుతామని ఎక్కడా లేదు. ఎన్ని రోజుల్లో ఏం చేస్తారో లేదు. అమెరికా సెనేట్ ముందుకు అది ఒప్పందంగా వెళ్లనేలేదు. సంతకం చేసిన దేశమే దాడి చేస్తే? భద్రతా మండలిలో ఆ దేశానికి వీటో ఉంది. 2014లో క్రిమియాను రష్యా ఆక్రమిస్తున్నప్పుడు ఉక్రెయిన్ సంప్రదింపులు కోరితే మార్చి 5న పారిస్‌లో జరిగిన సమావేశానికి రష్యా రాలేదు. 2022 ఫిబ్రవరి 25న మండలిలో తీర్మానానికి 11 దేశాలు మద్దతిచ్చాయి, రష్యా వీటో చేసింది. భారత్, చైనా, యూఏఈ ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయాయి.

ఉక్రెయిన్‌కు ఇలాంటి అనుభవం కొత్త కాదు. 1654 జనవరిలో పెరెయాస్లావ్ పట్టణంలో కొసాక్కుల (ఉక్రెయిన్ యోధుల సమూహం) నేత బోహ్దాన్ ఖ్మెల్నిత్‌స్కీ రష్యా జార్ రక్షణ కోరాడు. తాము విధేయత ప్రమాణం చేసేముందు జార్ తరఫున మీరూ ప్రమాణం చేయాలని కొసాక్కులు రాయబారి బుతుర్లిన్‌ను అడిగారు. జార్ తన ప్రజలకు ప్రమాణం చేయడం ఉండదని ఆయన తోసిపుచ్చాడు. చివరికి ప్రమాణం ఒకవైపే జరిగింది. తర్వాత 1863లో, 1876లో జార్ ప్రభుత్వం ఉక్రెయిన్ భాషలో పుస్తకాల ముద్రణపై ఆంక్షలు పెట్టింది. 2021 జులైలో పుతిన్ రాసిన సుదీర్ఘ వ్యాసం రష్యన్లు, ఉక్రెయిన్లు ఒకే జాతి అని వాదించింది. ఎదుటివాడిని జాతిగానే గుర్తించని పాలకుడు వాడికిచ్చిన మాటకు కట్టుబడతాడని నమ్మడం కష్టం. బుడాపెస్ట్ పత్రం అంత సులువుగా చిత్తుకాగితం కావడానికి అసలు కారణం ఇదే అంటాను.

చివరి వార్‌హెడ్ 1996 జూన్ మొదట్లో ఉక్రెయిన్ దాటింది. జూన్ 4న పెర్వొమైస్క్ క్షిపణి స్థావరంలో అమెరికా, రష్యా, ఉక్రెయిన్ రక్షణ మంత్రులు పొద్దుతిరుగుడు మొక్కలు నాటారు. ప్రతిగా ఉక్రెయిన్ అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం అందింది. సైలోలు పేల్చేయడం 2001 దాకా సాగింది. నా దృష్టిలో నిజంగా చేయకూడని పని ఒకటుంది. 1999 ఒప్పందం కింద 8 టీయూ-160లు, 3 టీయూ-95లు, 575 క్రూయిజ్ క్షిపణులను గ్యాస్ బాకీ కింద రష్యాకే ఇచ్చేశారు. మిగతా బాంబర్లను అమెరికా డబ్బుతో ముక్కలు చేశారు కదా, వీటినీ అలాగే చేయాల్సింది. అదే రకం ఖ-55 క్షిపణులను 2022లో అణు వార్‌హెడ్ తీసేసి ఉక్రెయిన్ పైకే రష్యా వదిలింది.

బాంబు ఉంటే దాడి జరగదన్న నమ్మకానికి కూడా చరిత్ర పూర్తిగా సాక్ష్యం చెప్పదు. 1998లో పోఖ్రాన్‌లో మనం పరీక్షలు జరిపిన మరుసటి ఏడాదే కార్గిల్ జరిగింది. 2024 ఆగస్టులో ఉక్రెయిన్ సేనలు అణుదేశమైన రష్యాలోని కుర్‌స్క్‌లోకే ప్రవేశించాయి. అయితే అణు బెదిరింపుతో రష్యా సాధించింది ఏమీ లేదనలేం. సాయానికి వచ్చే దేశాలు ఏ ఆయుధం ఎప్పుడివ్వాలో తేల్చుకోలేక నెలల తరబడి తటపటాయించాయి. బుడాపెస్ట్‌లో ఇలాంటి హామీలే అందుకున్న బెలారస్ 2022లో తన రాజ్యాంగంలోని అణురహిత హోదాను తొలగించుకుని, మరుసటి ఏడాది రష్యా అణ్వాయుధాలకు చోటిచ్చింది. 2024 నవంబరు 21న రష్యా కొత్త ఒరెష్నిక్ క్షిపణిని ప్రయోగించింది ద్నీప్రోలోని ఆ పాత యుజ్‌మాష్ కర్మాగారం మీదికే.

అన్నిటికంటే దగ్గర్లో ఉన్న అణు ప్రమాదం ఉక్రెయిన్‌లోని జపోరిజియా అణు విద్యుత్ కేంద్రం. అక్కడ వెయ్యి మెగావాట్ల వీవీఈఆర్ (సోవియట్ నమూనా) రియాక్టర్లు ఆరున్నాయి. మన కూడంకుళంలో నడుస్తున్నవీ ఈ కుటుంబానివే. 2022 మార్చి 4 నుంచి కేంద్రం రష్యా సైన్యం చేతిలో ఉంది. ఆరు రియాక్టర్లూ ఆపేసే ఉన్నాయి. కానీ ఆపేసిన రియాక్టర్‌లోనూ ఇంధనం వేడి విడుదల చేస్తూనే ఉంటుంది. పంపులు తిరగాలి, పంపులకు కరెంటు బయటి నుంచి రావాలి. యుద్ధానికి ముందు పది లైన్లుండేవి, తర్వాత ఒకటో రెండో మిగిలాయి. 2025 సెప్టెంబరు 23 నుంచి సుమారు నెలపాటు ఒక్క లైను కూడా లేక డీజిల్ జనరేటర్లతోనే నెట్టుకొచ్చారు. 2023 జూన్ 6న కేంద్రానికి నీరందించే కఖోవ్కా డ్యాం ధ్వంసమయ్యాక, చల్లబరిచే నీటి కోసం బావులు తవ్వాల్సి వచ్చింది. రియాక్టర్లు ఆగి ఏళ్లు గడిచాయి కాబట్టి వేడి బాగా తగ్గింది, ఏదైనా జరిగితే సరిదిద్దుకునే వ్యవధి పెరిగింది. యుద్ధం ఆగకుండానే ఏ ఒక్క రియాక్టర్‌ను మళ్లీ నడిపినా ఆ వ్యవధి గంటల్లోకి కుదించుకుపోతుంది.

అందుకే శాంతి చర్చల బల్ల మీద తేలాల్సినవి రెండున్నాయి. జపోరిజియాలో తుపాకులు పట్టుకున్నవాళ్లు లేకుండా, లైన్లూ నీళ్లూ పునరుద్ధరించేదాకా రియాక్టర్లు ఆగే ఉండాలి. ఇక ఉక్రెయిన్‌కు ఇచ్చే భద్రతా హామీలో, మళ్లీ దాడి జరిగితే ఏ దేశం ఎన్ని రోజుల్లో ఏం పంపుతుందో రాయాలి, ఆ దేశాల పార్లమెంట్లు దాన్ని ఆమోదించాలి, దాడి చేసిన దేశం వీటోతో దాన్ని ఆపే వీలుండకూడదు.