చీమకుర్తి రాయి, మార్కాపురం పలక

నాయకులు అబద్ధాలాడతారని, వాళ్ళ మీద జనానికి నమ్మకం పోయిందని నలుగురు చేరిన చోటల్లా ఒక అపవాదు వినబడుతోంది. ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగినవాడిగా దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. తప్పు నాయకులది కాదు. మా భూగర్భానిది.

మా చీమకుర్తిలో ఒక నల్లరాయి దొరుకుతుంది. బంగారు చుక్కలు చల్లినట్టు మెరుస్తుంది కాబట్టి దానికి గెలాక్సీ గ్రానైట్ అని పేరుపెట్టి దేశదేశాలకు ఎగుమతి చేస్తారు. పడమటికి వెళితే మార్కాపురంలో పలకల రాయి. ఒకప్పుడు ఎక్కడెక్కడి బడిపిల్లల చంకల్లోనో ఉన్న పలకలు అక్కడివే. మొదటి రాయి మీద చెక్కింది తరాలు మారినా చెరగదు. రెండో రాయి మీద రాసింది కాస్త ఉమ్మి తగిలితే నిలవదు. నాయకుడు తన పేరును చీమకుర్తి రాయి మీద చెక్కించుకుని, హామీని మార్కాపురం పలక మీద రాస్తాడు. ఫలకం, పలక రెండూ ఒకే మాటలోంచి వచ్చినవే కదా, హడావిడిలో ఒకదాన్ని ఇంకొకటి అనుకుని ఉంటాడు. తత్సమ తద్భవాలు తెలియని పాపానికి మనిషిని అబద్ధాలకోరు అనడం ధర్మమేనా?

వెలిగొండ ప్రాజెక్టు సంగతి చూడండి. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లం వాగు దగ్గర కృష్ణా నీళ్ళు అందుకుని, నల్లమల కొండల కడుపులోంచి దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వి, ఇవతలి కరువు నేలకు మళ్ళించాలని సంకల్పం. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో కలిపి 4.47 లక్షల ఎకరాలు తడుస్తాయని లెక్క. 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు చప్పట్లు కొట్టిన ముప్పై ఏళ్ళ రైతుకు వృద్ధాప్య పింఛను వయసు వచ్చింది. మధ్యలో పనులు ఆగాయి, సాగాయి, మళ్ళీ ఆగాయి. ఒకటో సొరంగం 2021లో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. అదే ఏడాది మార్చిలో, అంటే పోలింగుకు రెండు నెలల ముందు, ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల వాళ్ళకు పునరావాసం పూర్తి కాలేదు. వాళ్ళు ఊళ్ళు ఖాళీ చేస్తే తప్ప జలాశయంలో నీళ్ళు నిలపడం కుదరదు.

నీళ్ళు లేని ప్రాజెక్టును అంకితం చేయడమేమిటని గొణిగేవాళ్ళు ఉన్నారు. పెళ్ళికూతురు ఇంకా బయలుదేరలేదు, ముహూర్తం దాటిపోతోంది, వచ్చినవాళ్ళకు భోజనాలు వడ్డించేశారు. ఇందులో వంచన ఎక్కడుంది? పైగా అంకితం చేసింది జాతికి. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళకు చేశామని ఎవరూ అనలేదే! వాళ్ళకు ట్యాంకరు ఉండనే ఉంది.

శంకుస్థాపన చేసింది ఒక పార్టీ, అంకితం చేసింది వేరొక పార్టీ. పేర్లు రాయను. రాస్తే చదివినవాళ్ళలో సగంమందే నవ్వుతారు. మిగతా సగం నా కులం ఆరా తీస్తారు.

రామాయపట్నం రేవు కథ ఇంతకంటే సొగసైనది. దానికి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2022 జులైలో మరో ముఖ్యమంత్రి మళ్ళీ చేశారు. ఒకే బిడ్డకు రెండుసార్లు బారసాల ఏమిటని మీరు ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండు కొబ్బరికాయలకూ మధ్య, 2022 ఏప్రిల్‌లో, జిల్లాల పునర్విభజన జరిగి రామాయపట్నం నెల్లూరు జిల్లాలోకి వెళ్ళింది. సముద్రం అక్కడే ఉంది, ఒడ్డు అక్కడే ఉంది, జిల్లా మాత్రం జరిగింది. కాబట్టి ఒకరు శంకువు నాటింది ప్రకాశంలో, ఇంకొకరు నాటింది నెల్లూరులో. ఎవరిది వాళ్ళకు సత్యమే. హరిశ్చంద్రుడికి కూడా ఇంత వెసులుబాటు దొరకలేదు.

నెల్లూరు మాట వచ్చింది కాబట్టి, పలక మన చేతికి దక్కిన సందర్భం ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబళ్ళలో ఆడవాళ్ళు పలకలు పట్టారు. అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ, మొగుడి కూలి డబ్బులు ఎటు పోతున్నాయో కూడబలుక్కుని చదివారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది ఊరూరికీ పాకింది. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. చూశారా, నాయకులు మాట నిలబెట్టుకోరని ఎవరన్నారు? నిలబెట్టుకున్నారు, రెండేళ్ళు. 1997లో ఖజానా వైపు నుంచి తడిగుడ్డ వచ్చింది.

ఇక మా జిల్లాకు పేరు ఇచ్చిన పెద్దమనిషి గురించి నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులు బారిస్టరుగా బాగా గడించి, గడించిందంతా ఉద్యమంలో పోగొట్టుకున్నారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు తుపాకుల ఎదుట ఛాతీ చూపించారు. ఈనాటి నాయకుడు ఛాతీ చూపించాలంటే ముందు కెమెరా వచ్చిందో లేదో చూసుకుంటాడు. పంతులుగారికి ఆ పాటి ముందుచూపు లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది మద్యనిషేధం గొడవలో అవిశ్వాస తీర్మానం వస్తే ఆయన ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఒక్క ఓటు! ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చుని ఒక్క ఓటును ఎలాగోలా సర్దుకోలేని మనిషి పేరు 1972లో జిల్లాకు పెట్టారు. 1957లో ఆయన పోయేనాటికి వెనక ఆస్తి అంటూ ఏమీ లేదు. రాజకీయాల్లోకి రావాలనుకునే పిల్లలకు ఇది ఎంత చెడ్డ ఉదాహరణో ఆలోచించండి.

ఇంతకీ నమ్మకం పోయిందంటారా? అదీ అబద్ధమే. పోలింగుకు ముందు రాత్రి మా వీధిలో కరెంటు పోతే ఒక్కరు కూడా నిద్రపోరు. కవరు వస్తుందని అంత నమ్మకం. వస్తుంది కూడా. శంకుస్థాపన, భూసేకరణ, పునరావాసం ఏమీ లేకుండా నేరుగా ఇంటికి చేరే పథకం అదొక్కటే. క్రితంసారి మా పక్కింటి పెద్దావిడ రెండు పార్టీల దగ్గరా కవర్లు తీసుకుంది. "ఓటు ఎవరికి వేశావు అవ్వా?" అని అడిగాను.

"ఇద్దరికీ మాట ఇచ్చాను నాయనా" అంది.

"ఒక ఓటేగా ఉంది?"

"రెండుసార్లు టెంకాయ కొడితే రెండు రేవులు వస్తాయా? నన్నే అడుగుతావేం?"

మొన్న నాపరాళ్ళు కావలసి రాళ్ళ దుకాణానికి వెళ్ళాను. ఒక మూల శిలాఫలకానికి నల్లరాయి తయారవుతోంది. ముఖ్య అతిథి పేరు చెక్కారు, అధ్యక్షుడి పేరు చెక్కారు, తేదీ దగ్గర ఖాళీ వదిలారు. పనివాడు మాత్రం రాయిని బోర్లించి వెనకవైపు మెరుగు పెడుతున్నాడు.

"గోడలోకి పోయే వైపుకు మెరుగు ఎందుకయ్యా?" అన్నాను.

అతను తల ఎత్తలేదు. "ఈమధ్య రెండు వైపులా నునుపు చేయించుకుంటున్నారండీ. అయిదేళ్ళకు మళ్ళీ కొత్త రాయి కొనడం దండగని."