ఉతికిన మాస్కు, ఉడికిన మాస్కు

ఒకసారి వాడి పారేయమని రాసి ఉన్న వస్తువును నిజంగానే పారేసిన పాపం మా ఇంటా వంటా లేదు. హార్లిక్స్ సీసాలో పోపుగింజలు, బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం, చిరిగిన పంచె మసిగుడ్డ. కాబట్టి 2020లో, కరోనా రోజుల్లో, అమెరికా అంతటి దేశం ఎన్‌95 మాస్కులు చాలక, వాడినవాటినే మళ్లీ ఎలా వాడాలా అని తల పట్టుకున్నప్పుడు, ఈ విద్యలో వాళ్లకు మనమే గురువులమని ధీమాగా కూర్చున్నాను.

మన పద్ధతి తెలిసిందే. మాస్కును సర్ఫులో నానబెట్టి, దండెం మీద ఆరేసి, మల్లెపువ్వులా ఉందని మురిసిపోయాం. తీరా చూస్తే దాని పనితనం తెలుపులో లేదట. లోపలి పొరలోని పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్ పోగులకు విద్యుదావేశం పట్టించి ఉంటుంది. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగినట్టు, అది గాలిలోని కణాలను లాగి పట్టుకుంటుంది. సబ్బు, స్పిరిటు తగిలితే ఆ ఆవేశం చల్లారుతుంది. ఎన్నికలైపోయిన నాయకుడి మాదిరి మనిషి అలాగే కనిపిస్తాడు, ఆవేశం మాత్రం ఉండదు.

ఆ పోగులకు ఆవేశం పట్టించే పద్ధతిని రూపొందించిన పీటర్ సాయ్, టెనెసీ విశ్వవిద్యాలయం నుంచి రిటైరైనవాడు, మళ్లీ పనిలోకి దిగి 70 డిగ్రీల పొడి వేడి అరగంట పట్టిస్తే చాలన్నాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఇంకో అడుగు వేసి నేరుగా వంటింట్లోకే వచ్చారు: కరెంటు కుక్కర్‌లో తువ్వాలు పరిచి, నీళ్లు పోయకుండా, 100 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు. నీళ్లు పోయకుండా కుక్కర్ పెట్టడమేమిటని మా ఆవిడ ఆ శాస్త్రాన్ని అక్కడికక్కడే కొట్టిపారేసింది.

నెబ్రాస్కా ఆస్పత్రిలో గదినిండా తీగలు కట్టి, మాస్కులు వేలాడదీసి, అతినీలలోహిత దీపాలు వెలిగించారు. అది చూసి మిద్దె మీద వడియాల పక్కన మాస్కులు ఎండబెట్టినవారికి ఒక మనవి. ఆ దీపాల్లోని యూవీ-సి కిరణాలు సూర్యుడిలోనూ ఉన్నాయి గానీ, వాతావరణం వాటిని పైనే ఆపేస్తుంది. కిందికి దిగేది వడియాల పాలి ఎండ.

అన్నిటికన్నా నిరాడంబరమైనది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారి కాగితం సంచి. ఐదు మాస్కులు, ఐదు సంచులు, రోజుకొకటి. వాడినది కనీసం ఐదు రోజులు ముట్టుకోకపోతే వైరస్ దానంతటదే చస్తుంది. కరెంటు ఖర్చు లేదు, ఆవిరి లేదు. చిక్కల్లా ఐదు మాస్కులు కావాలి. లేవనే కదా ఈ గొడవంతా!

ఇంత చవకైన ఉపాయం గొప్ప దేశానికి నప్పదు. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని బాటెల్ సంస్థ, పెద్ద కంటైనర్లలో మాస్కులు పేర్చి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పట్టించే యంత్రం తెచ్చింది. ఒక్కోటి రోజుకు 80,000 మాస్కులు కడుగుతుందన్నారు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్చి 28న రోజుకు 10,000కే ఒప్పుకుంది. ఆ రాష్ట్ర గవర్నరు అధ్యక్షుడితో మాట్లాడేసరికి మర్నాటికల్లా ఆ హద్దు మాయమైంది. సిఫారసు మన దగ్గరే చెల్లుతుందనుకునేవారు గమనించాలి. మాస్కుకు 20 స్నానాలు లెక్క. 60 యంత్రాలకు ప్రభుత్వ ఒప్పందం 41.3 కోట్ల డాలర్ల దాకా పోయింది. మామూలు రోజుల్లో ఆ మాస్కు ఖరీదు డాలరు లోపే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి భాగహారం చేయడం మర్యాద కాదు కనుక మానేస్తున్నాను. ఇంతా చేసి, మేకప్ మరక ఉన్న మాస్కును తిప్పి కొట్టేవారు. మా వీధి డ్రైక్లీనింగ్ అతను ఆ మాటంటే ఊరుకుంటామా?

వైరస్ చచ్చిందా లేదా అని అందరూ కొలిచారు. ముందు చచ్చేది రబ్బరు నాడా. అదే బాటెల్ సంస్థ 2016 నివేదికలో, 50 సార్లు ఆవిరి పట్టించినా వడపోత చెక్కుచెదరలేదు, నాడాలు మాత్రం 30 దాటాక పాడయ్యాయి. అదీ ప్రయోగశాలలో. నర్సు రోజూ తొడిగి తీసే మాస్కయితే కొన్నాళ్లకే ముక్కు పక్కన సందు ఇస్తుంది. కోట గోడ గట్టిదే, దిడ్డి తలుపు తెరిచి ఉంది. 2021 జనవరిలో ఎఫ్‌డీఏ ఆ 20 స్నానాలను 4కు దించింది. జూన్ 30న అనుమతులే ఎత్తేసింది, కొత్త మాస్కులు కావలసినన్ని తయారవుతున్నాయి కనుక.

మా ఇంట్లో అప్పటి మాస్కు ఒకటి ఇంకా ఉంది. నాడా తెగితే మా ఆవిడ పిన్నీసు పెట్టింది. సంక్రాంతి ముందు బూజు దులిపేటప్పుడు నేనే తగిలించుకుంటాను. దులపడం అయ్యాక అది మళ్లీ సర్ఫులో పడుతుంది.