సవరణ: డోరియన్ అంటే నఠభైరవి కాదు

మొన్న కీబోర్డు నేర్చుకునేవాళ్ల కోసం రాసినదాంట్లో డోరియన్ అనే పాశ్చాత్య స్కేలు (స్వరాల వరుస) మన కర్ణాటక సంగీతంలో నఠభైరవి అన్నాను. తప్పు. డోరియన్ అంటే 22వ మేళం (మూల రాగం) ఖరహరప్రియ. ఒంగోలులో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఫోన్ చేసి, "ధైవతం చూసుకోలేదా అబ్బాయ్?" అన్నారు. తేడా ఆ ధైవతం ('ద' స్వరం) ఒక్కటే. ఖరహరప్రియలో చతుశ్రుతి ధైవతం, నఠభైరవిలో దానికి ఒక మెట్టు కిందుండే శుద్ధ ధైవతం. మిగతా స్వరాలన్నీ ఒకటే.

'డి' నుంచి పై 'డి' దాకా తెల్ల మెట్లే వాయిస్తే డోరియన్ వస్తుందని అందులోనే అన్న మాట మాత్రం సరైనదే. కానీ కింద 'డి' ఆధార శ్రుతిగా ఆగకుండా మోగుతూ ఉండాలి. అది లేకపోతే చెవి మెల్లగా 'సి' వైపు జారి శంకరాభరణంలా ('సి' నుంచి తెల్ల మెట్లతో వచ్చే రాగం) వినిపిస్తుంది. మా నెల్లూరు భజనలో నాకు జరిగిందదే. ఇదే ఒకటో శ్రుతిలో, అంటే 'సి'ని 'స'గా పెట్టుకుని వాయిస్తే, గాంధారం ('గ'), నిషాదం ('ని') నల్ల మెట్ల మీద పడతాయి.

ఇంకోటి, స్వరాలు కలిసినంత మాత్రాన డోరియన్ ఖరహరప్రియ రాగమైపోదు. ఆ గాంధారాన్ని ఊపాలి, అంటే స్వరాన్ని పైకీ కిందకీ కదిలించాలి. మామూలు కీబోర్డు మెట్టు ఊగదు కదా!